బాయిలర్ గోడ చాటున

ఆ లాండ్రీలో అందరూ ఆమెను రేడియో అనేవారు. పొద్దున గేటు దాటినప్పటి నుంచి సాయంత్రం చేతులు కడుక్కునేదాకా ఆమె నోరు మూతపడేది కాదు. ఉతికే మిషన్లు హోరెత్తుతున్నా, ఇస్త్రీ రోలర్లు ఆవిరి కక్కుతున్నా ఆమె గొంతు ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది. కొత్తగా చేరినవాళ్లు మొదట బెదిరిపోయేవారు. కొన్నాళ్లు పోయాక ఆమె సెలవు పెట్టిన రోజున పొద్దు పోవడం లేదని విసుక్కునేవారు. చిన్నవాళ్లకు ఆమె రేడియో అక్క. సూపర్‌వైజరుకు చిరాకు వేసినప్పుడు మాత్రం, "ఆ రేడియో చెవి ఎవరైనా కాస్త మెలిపెట్టండమ్మా" అనేవాడు.

హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి దుప్పట్లు మూటలు మూటలుగా వచ్చేవి. ఉతుకు, ఆరబోత, ఇస్త్రీ అయ్యాక వాటిని మడతపెట్టడం రేడియో పని. పెద్ద దుప్పటి ఒక్క మనిషికి లొంగదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలు పట్టుకుని, చేతులు పైకెత్తి దులిపి, దగ్గరికి నడిచొచ్చి కొసలు కలపాలి. మళ్లీ వెనక్కి జరగాలి. ఆమెకు ఎదురు నిలబడేది పిల్లి. అడుగుల చప్పుడు వినపడకుండా నడుస్తుందని ఆ పేరు పెట్టింది కూడా రేడియోనే. ఇద్దరు పిల్లల తల్లి అయ్యుండీ ఎవరైనా కాస్త గట్టిగా పలకరిస్తే మెడ దాకా ఎర్రబడిపోయే మనిషి పిల్లి. ఏళ్ల తరబడి ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డాక, దుప్పటి కొస లాగిన తీరును బట్టే ఎదుటి మనిషికి ఒంట్లో ఎలా ఉందో ఇద్దరికీ తెలిసిపోయేది.

అంత నోరున్న రేడియో ఒక్క విషయంలో మాత్రం పెదవి విప్పేది కాదు. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి ఆమె ఎప్పుడూ అడుగుపెట్టలేదు. యూనిఫాం కోటు ఇంటి దగ్గరే తొడుక్కుని మెడ దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చేది. ఎండాకాలంలో రోలర్ల వేడికి అందరూ పై బొత్తాలు విప్పి విసురుకుంటుంటే, ఈమె చెమటతో తడిసి ముద్దయినా ఒక్క బొత్తాం తీసేది కాదు. ఎవరైనా అడిగితే, "నా అందానికి దిష్టి తగులుతుంది" అని నవ్వేసేది.

అసలు సంగతి వేరు. ఆమెకు ఊహ తెలిసీ తెలియని వయసులో పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు ఒంటి మీద పడ్డాయి. మెడ కింద నుంచి కుడి పక్కంతా కాలిపోయింది. గాయం మానింది గానీ చర్మం ముడుచుకుపోయి గట్టిపడింది. తోటి ఆడపిల్లలతో పాటు ఈమె కూడా ఎదిగే వయసు వచ్చేసరికి, ఎడమవైపు ఎదిగింది, కుడివైపు ఎదగలేదు. వాళ్లమ్మ ఒకరోజు తలుపు గడియ పెట్టి, మెత్తటి గుడ్డ మడతలు కుట్టి లోపల అమర్చి, దూరంగా నిలబడి ఇటు నుంచి అటు నుంచి చూసి, "ఇప్పుడు ఎవరికీ తెలీదు. నువ్వూ ఎవరికీ చెప్పకు తల్లీ" అంది. ఆ తల్లి మంచికే చెప్పింది. కానీ ఆ మాట కూతురి ఒంటికి అతుక్కుపోయింది.

కొడుకు పుట్టినప్పుడు ఆ చాటు కూడా పోయింది. కాన్పు గదిలో డ్యూటీలో ఉన్న నర్సు బిడ్డను రొమ్ముకు అందించబోయి ఆగిపోయి, "అయ్యో, ఇదేంటి ఇలా ఉంది?" అని పక్క వార్డులో ఉన్న ఇద్దరు నర్సులను పిలిచింది. వాళ్లు వచ్చి చూశారు. ఒకామె వేలితో తాకింది కూడా. ఈమె బిడ్డను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని పడుకుంది. ఆ తర్వాత తనకు ఎంత జ్వరం వచ్చినా మందుల షాపులో చెప్పి మాత్రలు తెప్పించుకుంది తప్ప ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. మొగుడు లిఫ్టులు బాగుచేసే పని చేసేవాడు, నెమ్మదైనవాడు. కట్టుకున్న మనిషే అయినా ఇన్నేళ్లలో దీపం వెలుగుతుండగా అతని ముందు ఆమె పైబట్ట విప్పింది లేదు. ఎందుకని అతను ఎప్పుడూ అడగలేదు.

అలాంటి మనిషి పని చేసే చోటికి ఒకరోజు ఆరోగ్య శిబిరం తరఫున ఒక నర్సమ్మ వచ్చింది. భోజనాల వేళ అందరినీ కూర్చోబెట్టి, నలభై దాటిన ఆడవాళ్లు రొమ్ము పరీక్ష ఎందుకు చేయించుకోవాలో చెప్పింది. చేతికి గడ్డ తగిలేదాకా ఆగకూడదని, అంతకు ముందే ఎక్స్‌రే ఫోటోలో కనపడుతుందని, పరీక్ష వ్యాను మీ వెనక పెరట్లోనే నిలబెడతామని, మిషను దగ్గర కూడా ఆడమనిషే ఉంటుందని చెప్పింది. ఆడవాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. పిల్లి తల వంచుకుని గిన్నె మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"రెండు పలకల మధ్య పెట్టి నొక్కుతారంటగా?" అని ఎవరో గొణిగారు.

"మనకు కొత్తా? రోజూ రోలరు పక్కనే బతుకుతున్నాం. మహా అయితే ముడతలు పోతాయి" అంది రేడియో.

నర్సమ్మతో సహా అందరూ పగలబడి నవ్వారు. నర్సమ్మ వెళ్తూ వెళ్తూ రేడియో భుజం తట్టి, "మీలాంటి ఒక్కరుంటే చాలమ్మా, మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది" అంది. ఆ మాట దగ్గర రేడియో చిక్కుకుపోయింది. పొగిడించుకున్నాక వెనక్కి తగ్గడం ఎలాగో ఆమెకు తెలియలేదు. వ్యాను వచ్చే రోజు దాకా నేనే ముందెళ్తానంటూ అందరినీ ఎగదోసింది. వద్దన్నవాళ్లను వేళాకోళం చేసింది. రోలరు దగ్గర పనిచేసే పెద్దమ్మ మొండికేస్తే, "నీ దగ్గర దాచిపెట్టుకోడానికి ఇంకా ఏం మిగిలింది పెద్దమ్మా?" అని నలుగురిలో నవ్వించి ఒప్పించింది.

వ్యాను వచ్చింది. తెల్లటి వ్యాను, పక్కన ఇనప మెట్లు, తలుపుకు నీలం పరదా. రేడియో అందరికంటే ముందు, "నేను పోయొస్తా, చూస్తూ ఉండండి" అని బయల్దేరింది. పెరటి తలుపు దాటాక లోపలివాళ్లకు కనపడదు. ఆమె మెట్ల దాకా వెళ్లింది. పరదా సందులోంచి లోపల వెలుగుతున్న తెల్ల దీపం కనపడింది. అంతే, కాళ్లు అటు కదల్లేదు. పక్కకు తిరిగి బాయిలర్ గది గోడ చాటుకు వెళ్లి నిలబడింది. వేడి గోడకు వీపు ఆనించి, ఎవరైనా వస్తారేమోనని బిక్కుబిక్కుమంటూ అక్కడే కాసేపు గడిపింది. తర్వాత కోటు పై బొత్తాం ఒకటి విప్పి, మళ్లీ పెట్టుకుంటూ లోపలికి నడిచింది.

"అయిపోయిందా?" అన్నారు అందరూ.

"ఇంతోటి దానికా ఇంత గోల" అంది.

పిల్లి దగ్గరికొచ్చి చిన్న గొంతుతో, "నొప్పిగా ఉందా అక్కా?" అని అడిగింది.

"చల్లగా ఉంటుంది, అంతే. చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వెళ్లు."

పిల్లి ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, సరేనని వెళ్లింది. ఆ చూపు అప్పటికి రేడియోకు అర్థం కాలేదు.

కొన్నాళ్లకు ఒక్కొక్కరికి ఫలితాలు తెలిశాయి. ఎవరికి వాళ్లు ఫోన్లు చూసుకుని గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. పిల్లిని మాత్రం మళ్లీ రమ్మన్నారు. ఇంకో ఫోటో తియ్యాలన్నారు, ఆ తర్వాత సూది పరీక్ష అన్నారు. ఆ మధ్యాహ్నం దుప్పటి మడుస్తుంటే పిల్లి కొస లాగే తీరులోనే ఆమె భయం ఈ చివర దాకా తెలిసింది.

"నీకేమని వచ్చింది అక్కా?" అని అడిగింది పిల్లి.

నిజం చెప్పడానికి అదొక అవకాశం. కానీ రేడియో నోరు అలవాటు కొద్దీ ముందే పరిగెత్తింది. "నాకు బాగానే ఉందని వచ్చింది. నీకూ అలాగే వస్తుంది, చూస్తూ ఉండు. మళ్లీ రమ్మన్నవాళ్లలో చాలామందికి ఏమీ ఉండదట."

పిల్లి కొస అందించి వెనక్కి జరిగింది.

పిల్లికి వచ్చింది కేన్సరే. చేతికి తగలనంత చిన్నది, ఇంకా ఎటూ పాకలేదు. ఆపరేషన్ చేసి ఆ ముక్క వరకు తీసేస్తే, తర్వాత కొన్ని వారాలు రేడియేషన్ కరెంటు పెడితే సరిపోతుందని డాక్టరు చెప్పింది. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే మాట వేరుగా ఉండేదని కూడా చెప్పింది.

లాండ్రీలో అందరూ కలిసి ఆసుపత్రికి వెళ్లారు. రేడియో చాలా ఏళ్ల తర్వాత ఆసుపత్రి గుమ్మం తొక్కింది. పిల్లి మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. పిల్లి మొగుడు లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"వదినా, మీరు ముందు నడవకపోతే ఇది చచ్చినా వెళ్లేది కాదు. మాకు ఇవాళ మనిషి దక్కిందంటే మీ వల్లే."

వెంట వచ్చినవాళ్లంతా అవునవునన్నారు. రోలరు పెద్దమ్మ ఆమె వీపు నిమిరింది. రేడియో ఏదో అనబోయింది. అది మానేసి తల తిరుగుతోందని చెప్పి వరండాలోకి వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. లోపల వాళ్లు తన మంచితనం గురించే చెప్పుకుంటున్నారు. ఒక్కో మాట ఒంటి మీద వాతలా తగిలింది. ఆ గదిలోకి తిరిగి వెళ్లి నిజం చెబుదామని రెండుసార్లు తలుపు దాకా వెళ్లింది, రెండుసార్లూ వెనక్కి వచ్చింది.

పిల్లి లేని నెలలన్నీ ఆమె వేరే ఎవరితోనో దుప్పట్లు మడిచింది. మాటలు తగ్గాయి. సూపర్‌వైజరు, "రేడియోకి బ్యాటరీ అయిపోయిందా?" అని అడిగాడు. మొగుడూ అడిగాడు, ఒంట్లో బాగాలేదా అని. బాగానే ఉందంది. అబద్ధం చెప్పానన్నది ఒక బాధ. అంతకంటే పెద్దది, అంత జరిగాక కూడా తాను ఆ పరీక్షకు వెళ్లలేకపోవడం. పిల్లిని చూసిన తర్వాత భయం పెరగాలి, ఆ భయంతోనైనా వెళ్లాలి కదా. వెళ్లడం లేదు. అద్దం ముందు నిలబడి, చూసుకోకుండానే గుడ్డ మడతలు సర్దుకుని పనికి పోతోంది.

పిల్లి తిరిగి పనిలోకి వచ్చింది. కాస్త చిక్కింది గానీ, నడక అదే నడక. మొదటి రోజు బరువు పెట్టొద్దని దిండు గలీబులు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. భోజనాలయ్యాక ఇద్దరూ పెరట్లో ఎండలో ఖాళీ తోపుడు బండి మీద కూర్చున్నారు. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"అక్కా, ఒకటడుగుతాను, ఏమనుకోకు" అంది పిల్లి. "ఇటువైపు సొట్ట పడిపోయింది. కోటు వేసుకుంటే తెలుస్తోంది. నువ్వు గుడ్డ ఎలా పెట్టుకుంటావు? జారిపోకుండా కుట్టుకోవాలా?"

రేడియో కోటు పై బొత్తాం దగ్గరికి చెయ్యి తెచ్చుకుంది.

"నీకెలా తెలుసు?"

"రోజూ చేతులెత్తి దుప్పటి దులుపుతాం కదక్కా. ఎదురుగా నిలబడేది నేనేగా. మొదటి ఏడాదే తెలిసింది. కాలిన మచ్చ కూడా మెడ దగ్గర ఒకసారి చూశాను."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎందుకు చెప్తాను?" పిల్లి ఆశ్చర్యపోయింది. తర్వాత నెమ్మదిగా అంది, "అసలు అందుకే వెళ్లాను అక్కా ఆ రోజు. మిగతావాళ్లు వెళ్తే వెళ్తారు, వాళ్లకేం. నువ్వు అంత దాచుకునేదానివి, ఆ వ్యాను ఎక్కి విప్పి చూపించి వచ్చావంటే, ఏమీ లేని నాకు సిగ్గేంటి అనుకున్నాను."

రేడియో తలెత్తింది. ఎదురుగానే బాయిలర్ గది గోడ ఉంది. ఇక దాచడం ఆమె వల్ల కాలేదు.

"నేను వెళ్లలేదు" అంది.

"ఎక్కడికి?"

"వ్యానులోకి. ఆ గోడ వెనక నిలబడి వచ్చాను. పరీక్ష చేయించుకోలేదు. ఫలితం వచ్చిందని చెప్పింది కూడా అబద్ధం."

పిల్లి గోడ వైపు చూసింది, మళ్లీ ఆమె వైపు చూసింది. మాట్లాడినప్పుడు గొంతు ఎప్పటిలా మెత్తగా లేదు.

"నీకు బాగానే ఉందని చెప్పావు చూడు, ఆ పూట ఇంటికెళ్లి నీ మీద ఏడ్చాను. అందరికీ బాగుంది, అక్కకీ బాగుంది, నాకే ఎందుకిలా అని కుళ్లుకున్నాను. అక్క మీద కుళ్లుకుంటున్నానే, నేనేం మనిషినని మళ్లీ నన్ను నేనే తిట్టుకున్నాను. ఆపరేషన్ బల్ల మీద కూడా అదే గుర్తొచ్చింది."

"తిట్టు. కొట్టినా పడతాను."

"తిట్టడానికి నాకు ఓపిక లేదు" అని లేచి లోపలికి వెళ్లిపోయింది. ఈసారి అడుగుల చప్పుడు వినపడింది.

తర్వాత రోజుల్లో పిల్లి ఆమెతో పని వరకే మాట్లాడింది. జోడీగా నిలబడమని సూపర్‌వైజరు మళ్లీ పురమాయిస్తే నిలబడింది. కొసలు కలిపేటప్పుడు చూపు పక్కకు తిప్పేది. అంత దగ్గరగా వచ్చి మొహం తిప్పుకుంటే ఎలా ఉంటుందో రేడియోకు అప్పుడే తెలిసింది. ఆమె క్షమించమని అడగలేదు. అడిగితే, పిల్లి మెత్తటి మనిషి, అలవాటు కొద్దీ క్షమించేస్తుందని భయం. ఒక రోజు సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా పరీక్షల సెంటరుకు వెళ్లింది.

అక్కడ వరసగా కుర్చీలు, గోడకు టీవీ. ఎవరూ టీవీ చూడటం లేదు, ఎవరూ పక్కవాళ్లను చూడటం లేదు. ఒకామె చేతిసంచీని గుండెకు హత్తుకుని కూర్చుంది. ఇంకొకామె మొగుడికి ఫోన్‌లో, "షాపింగ్‌కి వచ్చాను" అని చెబుతోంది. రేడియోకు తన పిలుపు వినపడగానే చూపు బయటి తలుపు వైపు పోయింది. అయినా లేచింది.

మిషను గదిలో ఉన్నామెకు రేడియో కొడుకు ఈడే ఉంటుంది. పరదా వెనక పైబట్టలు తీసి గౌను తొడుక్కోమంది. జాకెట్టు విప్పుతుంటే గుడ్డ మడతలు జారి నేల మీద పడ్డాయి. రేడియో గభాలున వంగి వాటిని పిడికిట్లో దాచుకుంది. పరదా దాటి వచ్చినా పిడికిలి విప్పలేదు.

"చేతిలో ఏముందాంటీ? బుట్టలో పెట్టేయండి" అంది ఆ అమ్మాయి.

"నాకు... ఇటువైపు సరిగ్గా లేదు. చిన్నప్పుడు కాలింది" అంది రేడియో. బతుకులో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. తన గొంతును తానే గుర్తుపట్టలేకపోయింది.

అమ్మాయి చూసింది. ఎవరినీ పిలవలేదు. "చర్మం బిగుసుకుంది కాబట్టి ఇటువైపు కొంచెం కష్టమవుతుంది. మెల్లగా చేద్దాం, భరించలేకపోతే చెప్పండి, ఆపుతాను" అని, "ముందు ఎడమవైపు కానిద్దాం" అంది.

పలక చల్లగా ఉంది. పైనుంచి ఇంకో పలక దిగి నొక్కింది. ఊపిరి బిగబట్టమంది. ఎడమవైపు ఓర్చుకోగలిగింది. కుడివైపు దగ్గర ముడుచుకుపోయిన చర్మాన్ని లాగి పట్టుకోవాల్సి వచ్చింది. ప్రాణం పోయినంత పనయింది. కళ్లమ్మట నీళ్లు కారాయి. చీమ కుట్టినట్టు కూడా ఉండదని తాను ఎంతమందికి చెప్పిందో ఆ నొప్పిలో గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అయిపోయిందాంటీ, బట్టలు వేసుకోండి" అంది. పరదా వెనక కూర్చుని రేడియో చాలాసేపు ఏడ్చింది. ఇన్నేళ్లు దేనికి భయపడిందో అది జరగలేదు. అందుకూ ఏడుపొచ్చింది.

ఫలితంలో ఏమీ లేదన్నారు. ఆ మాట విన్నప్పుడు ఆమెకు సంతోషం వేసింది, వెంటనే పిల్లి గుర్తొచ్చి ఆ సంతోషం చేదయింది. మర్నాడు దుప్పటి కొసలు కలిపేటప్పుడు, "వెళ్లొచ్చాను. ఈసారి నిజంగానే. ఏమీ లేదన్నారు" అంది.

పిల్లి ఈసారి మొహం తిప్పుకోలేదు. "కుడివైపు కూడా తీశారా?"

"తీశారు. చాలా నొప్పి పుట్టింది."

"నాకూ పుట్టింది" అంది పిల్లి. "నువ్వన్నట్టే ఉంటుందనుకుని వెళ్లి అదిరిపడ్డాను." అని, కొంచెం ఆగి, "ఆ గోడ సంగతి మిగతావాళ్లకు చెప్పకు. ఇంకోసారి వెళ్లేవాళ్లు కూడా ఆగిపోతారు" అంది.

రేడియో ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించింది. చెప్పకపోతే వాళ్లు తనను పొగుడుతూనే ఉంటారు. ఆ పొగడ్త మింగడం ఆమెకు ఇక చేతకావడం లేదు. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు లేచి నిలబడింది. ఏదో హాస్యం వస్తుందని అందరూ ముందే నవ్వు మొహాలు పెట్టారు. ఆమె గోడ చాటు సంగతి, దొంగ ఫలితం సంగతి, తన ఒంటి సంగతి, అన్నీ చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగింది. చెప్పడం అయ్యాక ఎవరూ గిన్నెల్లో చెయ్యి పెట్టలేదు.

రోలరు పెద్దమ్మ చెయ్యి కడుక్కుని వచ్చింది. "నా దగ్గర దాచుకోడానికి ఏం మిగిలిందని నలుగురిలో నవ్వించావు. అప్పుడు నీ కోటు లోపల ఏముందో నీకు తెలుసు" అంది. అరవలేదు. మామూలుగానే అంది.

"తెలుసు పెద్దమ్మా."

"నేను ఆ రోజు ఇంటికెళ్లి కూడా ఆ మాటే తలుచుకున్నాను."

పెద్దమ్మ వెళ్లి రోలరు ఆన్ చేసింది. అప్పటి నుంచి ఆమె రేడియోతో మాట్లాడటం మానేసింది. కొందరు కొన్నాళ్లకు మామూలయ్యారు. ఒకరిద్దరు చాటుగా వచ్చి, తామూ ఆ రోజు వ్యాను దాకా వెళ్లి తిరిగొచ్చామని చెప్పారు. రేడియో వాళ్లను ఏమీ అనలేదు, ఎగదోయలేదు. ఏ బస్సు ఎక్కితే ఆ సెంటరుకు వెళ్లొచ్చో చెప్పింది, కావాలంటే తోడు వస్తానంది. ఒకామె తోడు రమ్మంది. ఇంకొకామె వద్దంది.

మళ్లీ వ్యాను వచ్చేనాటికి లాండ్రీలో కొత్తవాళ్లు చేరారు. వాళ్లలో ఒకామె రేడియో దగ్గరికొచ్చి, "అక్కా, నొప్పి ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుంది. కొందరికి తక్కువ, నాలాంటివాళ్లకు ఎక్కువ. ఊపిరి బిగబట్టమంటారు, కాసేపట్లో అయిపోతుంది. సిగ్గు కూడా వేస్తుంది. నాకైతే ఇప్పుడూ వేస్తోంది."

పెరట్లో వరస కట్టారు. పిల్లి ఆమె పక్కనే నిలబడింది. పెద్దమ్మ వాళ్లిద్దరినీ దాటుకుని వెళ్లి వరసలో అందరికంటే ముందు నిలబడింది. రేడియో వైపు తల తిప్పలేదు. పరదా తీసి పిలవగానే ఇనప కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కి లోపలికి వెళ్లింది.